అంత ప్రార్థించినా ఆయన దక్కలేదు. ఇప్పుడు నాకు ప్రార్థనే రావడం లేదు

ప్రశ్న: మామిడితోట, చిత్తూరు

ప్రభువు నామమున అందరికీ వందనాలు. చాలా కాలంగా ఇక్కడ మీరందరూ రాసేవి చదువుతున్నానే గాని, నేను రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, మన్నించండి.

మావారు చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పనిచేసేవారు. మూడేళ్ళ కిందట ఆయన రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసింది. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల చొప్పున డయాలసిస్ చేయించాల్సి వచ్చింది. మొదట్లో చిత్తూరులో ఖాళీ దొరకక, తెల్లవారకముందే బస్సెక్కి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతికి వెళ్ళి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్ళం. ఆయన ఎడమచేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలను కలిపే ఆపరేషన్) వేసిన తరువాత, మా పాప రాత్రిపూట ఆ చేతి మీద చెవి ఆనించి, లోపల రక్తం హోరుమని పారే శబ్దం వింటూ నిద్రపోయేది. డాక్టర్లు కొలత పెట్టిన నీళ్ళు చాలక, ఎండాకాలంలో ఆయన ఒక ఐసుముక్కను నోట్లో పెట్టుకొని అది కరిగేదాకా కళ్ళు మూసుకొని కూర్చొనేవారు. ఇరవై ఏళ్ళు మామిడి వాసనలో బతికిన మనిషికి, పొటాషియం పెరుగుతుందని మామిడిపండే వద్దన్నారు. గత ఏడాది జూన్‌లో ఆయన చిన్నపిల్లవాడిలా అడిగితే మనసొప్పక ఒక్క ముక్క కోసి ఇచ్చాను. ఆ సంగతి ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది సంవత్సరారంభపు ఆరాధనలో, ఏడాదికంతా ఒక్కొక్కరికి ఒక్కో బైబిలు వాక్యం ఉండే వాగ్దాన కార్డులు పంచినప్పుడు ఆయన చేతికి వచ్చిన కార్డు మీద "నేను నిన్ను బాగుచేసెదను" అని ఉంది. సంఘమంతా చప్పట్లు కొట్టి స్తుతించింది. ఆయన ఆ కార్డును ఆసుపత్రి రిపోర్టుల కవరులో అన్నిటికంటే పైన పెట్టుకొని, కవరు తీసినప్పుడల్లా ముందు దాన్ని చదివేవారు. సంఘం ఇరవైఒక్క రోజులు ఉపవాస ప్రార్థన చేసింది, పెద్దలు ఇంటికి వచ్చి నూనె రాసి ప్రార్థించారు. ఆగస్టులో ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వచ్చి, తొమ్మిది రోజులు ఐసీయూలో ఉండి, ప్రభువునందు నిద్రించారు.

భూస్థాపన జరిగిన వారానికి పరామర్శకు వచ్చిన ఒక పెద్దాయన, వాగ్దానం వచ్చి కూడా నెరవేరలేదంటే ఇంట్లో ఎక్కడో అవిశ్వాసం ఉండి ఉంటుందని, నా ఎదుటే, పాప వింటుండగా అన్నారు. ఆ రాత్రి పాప, "నాన్న కోసం మనం ప్రార్థన సరిగ్గా చెయ్యలేదా అమ్మా?" అని అడిగింది. దానికి పదకొండేళ్ళు. నేను జవాబు చెప్పలేక లైటు ఆర్పేశాను.

అప్పటి నుంచి నాకు ప్రార్థన రావడం లేదు. మోకరిస్తాను, మాట పుట్టదు. ఆదివారం సాక్ష్యాల సమయం మొదలవగానే లేచి బయట చెప్పులు విడిచే చోటికి వెళ్ళి నిలబడతాను. దేవుడు లేడని అనుకోవడం లేదు. ఉండి కూడా మా వైపు చూడలేదని అనిపిస్తోంది, నాకు అదే ఎక్కువ భయంగా ఉంది. నేను విశ్వాసం కోల్పోయినట్టేనా? ఆ కార్డును ఏమనుకోవాలి? పాపకు ఏం చెప్పాలి? వచ్చే నెల సంవత్సరం నిండుతోంది, జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి. ఆ రోజు పదిమందిలో నిలబడి "దేవుడు మంచివాడు" అని చెప్పే శక్తి నాకు లేదు.

జవాబు: పాత బడిపంతులు, తిరుపతి

అమ్మా, మీరు చివర అడిగిన దానికే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది పాప ప్రశ్న. నేను ముప్పై ఏళ్ళకు పైగా సండే స్కూలులో పాఠాలు చెప్పినవాణ్ణి. పిల్లలు అడిగే ప్రశ్నకు మనం లైటు ఆర్పేస్తే, చీకట్లో వాళ్ళే ఒక జవాబు కల్పించుకుంటారు, అది ఎప్పుడూ వాళ్ళ మీదికే వస్తుంది. కాబట్టి పాపను దగ్గర కూర్చోబెట్టుకొని గెత్సేమనే తోట సంగతి చెప్పండి. యేసు సిలువ వేయబడే ముందటి రాత్రి సాగిలపడి, సాధ్యమైతే ఈ గిన్నె, అంటే ఆ శ్రమ, నా యొద్దనుండి తొలగించుమని తండ్రిని అడిగారు. ఒకసారి అడిగి ఊరుకోలేదు, మూడుసార్లు అడిగారు. ఆ గిన్నె తొలగలేదు. యేసు ప్రార్థన సరిగ్గా చేయలేదా అని పాపనే అడగండి. లేదని అదే చెబుతుంది. ఆ తరువాత, నాన్న కోసం మనం చేసిన ప్రార్థన కూడా సరైనదేనని చెప్పండి. మరి ఎందుకు ఇలా జరిగిందని అడిగితే, నాకు తెలియదని చెప్పడానికి సిగ్గుపడకండి.

ఇక ఆ పెద్దాయన మాట. ఒక మనిషి బాధపడుతుంటే కారణం అతని ఇంట్లోనే వెతకడం కొత్తది కాదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్ళు చేశారా అని అడిగినవారు యేసు శిష్యులే. ఇద్దరూ కాదని ఆయన చెప్పారు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చినప్పుడు కూడా, వాళ్ళు యెరూషలేములో ఉన్న అందరికంటే పాపులనుకుంటున్నారా అని ఎదురు ప్రశ్న వేసి, కాదని ఆయనే జవాబు చెప్పారు. అన్నీ పోగొట్టుకొన్న యోబు స్నేహితులైతే మొదట మంచి పనే చేశారు: ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ అతనితో పాటు నేల మీద కూర్చొని ఒక్క మాటా మాట్లాడలేదు. నోరు తెరిచిన తరువాతనే వాళ్ళు చెడిపోయారు. దేవుడి పక్షాన వాదిస్తున్నామనుకొని అధ్యాయాలకు అధ్యాయాలు మాట్లాడారు. చివరికి దేవుడు, నా సేవకుడైన యోబు మాట్లాడినట్టు మీరు నన్ను గూర్చి యుక్తమైనది మాట్లాడలేదని వాళ్ళ మీద కోపగించుకున్నాడు. యోబు ఏం మాట్లాడాడో మీరు ఈ మధ్య చదివారా? తాను పుట్టిన దినాన్ని శపించాడు, దేవుణ్ణి న్యాయస్థానానికి రమ్మన్నాడు. మీరు మోకరించి మాట రాక ఊరుకున్నారు, అంతే. ఆ పెద్దాయన తన మాటలకు ఒకరోజు లెక్క చెప్పుకోవలసి వస్తుంది గాని, మీరు కాదు.

కార్డు విషయం కొంచెం వివరంగా రాస్తాను. ఆ మాట రాజుల రెండవ గ్రంథం 20వ అధ్యాయంలోది. యూదా రాజైన హిజ్కియా మరణకరమైన రోగంతో పడి ఉన్నప్పుడు, యెషయా ప్రవక్త ద్వారా ఆ ఒక్క మనిషికి వచ్చిన కబురు అది; పదిహేను సంవత్సరాల ఆయుష్షు అని లెక్కతో సహా వచ్చింది. అదే యెషయా ఆ కబురు చెప్పి, అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. (మన కూడికల్లో ఆ ముద్ద సంగతి ఎవరూ ఎత్తరు, మందు మానేసి ప్రార్థించమనే వాళ్ళయితే అసలే ఎత్తరు.) పదిహేనేళ్ళు గడిచాక హిజ్కియా కూడా చనిపోయాడు. ఆ వాక్యాన్ని దాని చుట్టూ ఉన్న కథ నుంచి కత్తిరించి, పువ్వుల బొమ్మ పక్కన అచ్చువేసి, వందమందికి పంచే పళ్ళెంలో పెట్టినది మనుషులు. మీవారి చేతికి అది రావడం దేవుడు ఆయనకు రాసిచ్చిన పత్రం కాదు. అందువల్ల దేవుడు మాట తప్పాడన్న నింద దేవుడి మీద నిలవదు, విశ్వాసం చాలలేదన్న నింద మీ మీద నిలవదు.

ఏ కార్డు మీదా అచ్చు వేయని కీర్తన ఒకటి ఉంది. 88వ కీర్తన. దానికి పద్దెనిమిది వచనాలు. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే గాని, వాటిలో చాలా వరకు ఏడుపుతో మొదలై ఎక్కడో ఒకచోట స్తుతికి తిరుగుతాయి. పదమూడవది చూడండి, ఎన్నాళ్ళు నన్ను మరచిపోతావని మొదలుపెట్టి, ఆరు వచనాలు తిరిగేసరికి పాట పాడతానంటుంది. ఈ 88వది తిరగదు. నీ ముఖాన్ని నాకెందుకు చాటు చేస్తున్నావని అడుగుతుంది, నా స్నేహితులను నాకు దూరం చేశావని నిష్ఠూరమాడుతుంది, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. చివర ఆమెన్ కూడా లేదు. ఇశ్రాయేలు పెద్దలు దీనిని అవిశ్వాసపు రాత అని తీసివేయలేదు. ఆలయంలో పాడే పాటల్లో చేర్చి, ప్రధాన గాయకుడికి అప్పగించారు. మొదటి వచనంలో ఆ మనిషి దేవుణ్ణి నా రక్షణకర్తా అని పిలిచాడు, అంతే, ఆ కీర్తన మొత్తంలో వెలుగు ఆ ఒక్క పిలుపులోనే ఉంది.

సిలువ మీద యేసు పట్టుకున్నది కూడా ఇటువంటి కీర్తననే. "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అన్న 22వ కీర్తన మొదటి మాట. సువార్తలు గ్రీకు భాషలో రాసినవారు కూడా ఆ కేకను ఆయన నోటి నుంచి వచ్చిన భాషలోనే అట్టిపెట్టారు, అందుకే మన తెలుగు బైబిలులోనూ "ఏలీ, ఏలీ, లామా సబక్తానీ" అని అలాగే ఉంది. విన్నవాళ్ళు మరచిపోలేకపోయారనుకుంటాను. చెయ్యి విడిచావని దేవుడితోనే చెబుతున్నాడు, చెబుతూ ఇంకా "నా" అంటున్నాడు. దేవుడు లేడనుకోవడం లేదు, మా వైపు చూడలేదనిపిస్తోందని మీరు రాశారు. అది ఈ కీర్తన రాసినవాడి మాటే అమ్మా. విశ్వాసం పోయినవాళ్ళకు దేవుడి మీద కోపం ఎక్కడి నుంచి వస్తుంది?

మాట పుట్టనప్పుడు సొంత మాట కోసం వెతకకండి. రోజుకు ఒక మొర కీర్తన తీసి, పైకి వినబడేట్టు చదివి, పుస్తకం మూసేయండి. చదివేటప్పుడు భావం కలగకపోయినా ఫరవాలేదు.

జవాబు: చిల్లపెట్టె, శ్రీకాళహస్తి

పంతులుగారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను గాని, వాగ్దాన కార్డులను అంత తేలికగా తీసివేయడం నాకు నచ్చలేదు. మా అమ్మ చదువుకోలేదు. ప్రతి ఏటా తనకు వచ్చిన కార్డును మాచేత వంద సార్లు చదివించుకొని కంఠతా పెట్టి, ఆ ఒక్క వాక్యంతో ఏడాదంతా నడిచేది. మా నాన్న తాగి కొట్టిన రోజుల్లో ఆమెకు ఉన్నది అది మాత్రమే. ఆ కాగితం ముక్క మోసమని మీరంటే మా అమ్మ మోసపోయినట్టా?

జవాబు: పాత బడిపంతులు, తిరుపతి

లేదు నాయనా, నీ మాట న్యాయమే. నేను తొందరపడి రాశాను. మీ అమ్మగారు ఆ వాక్యాన్ని అన్నంలా తిన్నారు, తప్పు లేదు. నేను తప్పు పట్టేది, రోగి చేతికి వచ్చిన కార్డును చూసి చప్పట్లు కొట్టి, అతడు పోయాక లెక్క అతని భార్యను అడిగే పద్ధతిని.

జవాబు: రెండో షిఫ్టు నర్సు, తిరుపతి

అక్కా, నేను తిరుపతిలో ఒక ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. దేవుడి సంగతి పంతులుగారు చెప్పారు, నేను మామిడి ముక్క సంగతి చెబుతాను.

జూన్‌లో తిన్న ఒక్క మామిడి ముక్కకూ ఆగస్టులో వచ్చిన ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కూ సంబంధం లేదు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం గంటల్లో, రోజుల్లో ఉంటుంది. ఆ తరువాతి డయాలసిస్‌లో అది చాలావరకు బయటికి పోతుంది, రెండు నెలలు దాక్కొని ఉండదు. కిడ్నీలు పోయినవారికి రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది, అందుకే వాళ్ళకు ఇన్ఫెక్షన్లు అంత తొందరగా ముదురుతాయి. మీరు ఇచ్చిన ముక్కను ఆయన ఇష్టంగా తిన్నారా? అయితే అది గుర్తుంచుకోండి.

ఇలాంటి ముక్క ఒకటి ప్రతి ఇంట్లో ఉంటుందక్కా. ఒకరు కొబ్బరినీళ్ళు ఇచ్చామంటారు, ఒకరు ఆ రోజు బస్సు తప్పిపోయిందంటారు. మా వార్డు కిటికీ నుంచి రాత్రిపూట కొండ మీది దీపాలు కనిపిస్తాయి. ఆ దీపాల వైపు తిరిగి దండం పెట్టుకునే వాళ్ళూ, పక్క మంచం మీద తస్బీ (ముస్లిముల జపమాల) తిప్పే వాళ్ళూ, మనలా బైబిలు తలగడ కింద పెట్టుకునే వాళ్ళూ, అందరూ మనిషి పోయాక వరండాలో నన్ను అడిగేది ఒకటే: మేమేం తప్పు చేశామమ్మా అని. ఒకసారి ఒక పెద్దావిడ, మొక్కు తీర్చడం ఆలస్యమైందని తలబాదుకుంటూ ఉంటే, నేను క్రైస్తవురాలినని తెలిసి కూడా నా చెయ్యి పట్టుకొని, మీ దేవుడికి కూడా ఒక మాట చెప్పు తల్లీ అంది. ఏం చెప్పాలో నాకూ తోచలేదు. ఆవిడకు టీ తెచ్చి ఇచ్చాను.

మీరు నిద్రపోతున్నారా, వేళకు తింటున్నారా అన్నది రాయలేదు. ఏలీయా ప్రవక్త అరణ్యంలో బదరీవృక్షం కింద పడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు, దేవదూత అతనికి వాక్యం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక బుడ్డి నీళ్ళు పెట్టి, లేచి తినమన్నాడు. అతను తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి కూడా తిండే పెట్టారు. దేవుడు మాట్లాడింది ఆ తరువాత, నలభై రోజుల నడక అయ్యాక. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకడం ఎందుకన్న తలంపు వచ్చినా, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళడానికి వెనకాడకండి. 14416 అని టెలీ మానస్ నంబరు ఉంది, ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. దాన్ని అవిశ్వాసం అనేవాళ్ళకు హిజ్కియా అంజూరపు ముద్ద గుర్తుచేయండి.

పాప నాన్న చేతి మీద చెవి పెట్టి వినేదన్నారు. దాని గురించి పాపతో మాట్లాడండి, ఆపకండి. ఆ హోరు చక్కగా వినబడుతోందంటే ఫిస్టులా బాగా పనిచేస్తున్నట్టు. మేము కూడా ప్రతి రోగికి సూది గుచ్చే ముందు స్టెతస్కోపు పెట్టి వింటాం. పాప ప్రతి రాత్రీ చేసింది అదే పని, ఇంట్లో ఉన్న చిన్న నర్సు. ఈ మాట దానికి చెప్పండి.

జవాబు: వెనక బెంచీ, పుత్తూరు

నేను మీ అంత దుఃఖం చూసినవాణ్ణి కాదు గాని, నాలుగేళ్ళు గుడి మెట్లెక్కని వాణ్ణి. కారణం ఇక్కడ అవసరం లేదు. తిరిగి రావడానికి నాకు సాయపడినవి రెండు సంగతులు.

మొదటిది మదర్ తెరిసా ఉత్తరాలు. ఆమె 1997లో కన్నుమూసిన పదేళ్ళకు, 2007లో అవి అచ్చయ్యాయి. 1948లో కలకత్తా పేదల మధ్య పని మొదలుపెట్టిన కాలం నుంచి దాదాపు చనిపోయేదాకా, మధ్యలో కొద్దికాలం తప్ప, దేవుడు తనతో లేడన్న శూన్యాన్నే అనుభవించానని ఆమె తన ఆత్మీయ గురువులకు రాసుకుంది. లోకమంతా ఆమె ముఖంలో చిరునవ్వు చూస్తున్న ఆ సంవత్సరాల్లోనే. ఆమెనే 2016లో పరిశుద్ధురాలిగా ప్రకటించారు. మేము కథోలికులం కాము, అయినా ఆ సంగతి చదివిన రాత్రి నాకు ఏదో బరువు దిగింది. ఏమీ అనిపించకపోయినా ఉదయం లేచి రోగికి గంజి పట్టడమే ఆమె ప్రార్థన అయిందేమో.

రెండోది మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో, మూర్ఛరోగి తండ్రి మాట: నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము. రెండు మాటలూ ఒక్క ఊపిరిలో అన్నాడు. యేసు అతణ్ణి ముందు నీ లెక్క సరిచూసుకొని రమ్మనలేదు.

ఒక చిన్న విషయం. సాక్ష్యాల సమయంలో బయట నిలబడటం తప్పేమీ కాదు. నేను తిరిగి వచ్చిన మొదటి ఏడాది చివరి బెంచీలో కూర్చొని ఒక్క పాటా పాడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు పాడుతుంటే, నా బదులు వాళ్ళు పాడుతున్నారులే అనుకొనేవాణ్ణి. పక్షవాయువు వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దించారు కదా. యేసు చూసింది వారి విశ్వాసాన్ని అని రాసి ఉంది, మంచం మీద ఉన్నవాడి విశ్వాసం సంగతి అక్కడ ఎవరూ అడగలేదు.

ప్రశ్నించినవారు: మామిడితోట, చిత్తూరు

అందరికీ నా వందనాలు. మూడు రోజులుగా ఇవి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. నర్సు చెల్లీ, మామిడి ముక్క గురించి రాసింది చదివి చాలాసేపు ఏడ్చాను. అవును, ఇష్టంగానే తిన్నారు. టెంక కూడా కావాలన్నారు, నేను ఇవ్వలేదు.

నిన్న రాత్రి పాపకు గెత్సేమనే సంగతి చెప్పి, తరువాత 88వ కీర్తన ఇద్దరం చెరి ఒక వచనం చదివాం. చివరిది పాప వంతుకు వచ్చింది. చదివి, పేజీ తిప్పి, తరువాత ఏముందో చూసి, "అయిపోయిందా? ఇంతేనా?" అంది. ఇంతేనన్నాను. "అయితే ఏడ్చినా ప్రార్థనేనన్నమాట" అంది. నేను ఏమీ చెప్పలేదు, కానీ లైటు మాత్రం ఆర్పలేదు.

పంతులుగారూ, జ్ఞాపకార్థ కూడికలో ఈ కీర్తన చదివించమని మా సంఘం పాస్టరు అయ్యగారిని అడగవచ్చునా? అలాంటి రోజున ఇది చదవడం ఆనవాయితీ కాదని, వచ్చినవాళ్ళు తప్పుగా అనుకుంటారని మా ఆడపడుచు భయపడుతోంది.

జవాబు: పాత బడిపంతులు, తిరుపతి

నిక్షేపంగా అడగండి. ఆదివారం హడావుడిలో కాకుండా, వారం మధ్యలో ఒకరోజు ఇంటికి వెళ్ళి, అయ్యగారితోనూ అమ్మగారితోనూ కూర్చొని మాట్లాడండి. మీరు నిలబడి సాక్ష్యం చెప్పరని, అందుకు బదులు ఈ కీర్తన చదువుతారని ముందే చెబితే, ఆ రోజు మైకు మీ చేతికి ఇచ్చి ఎవరూ బలవంతపెట్టరు. పద్దెనిమిది వచనాలూ పూర్తిగా చదివించండి. చదివాక సంతోషకరమైన వాక్యం ఒకటి తగిలించవద్దని, ఒక నిమిషం అందరూ మౌనంగా కూర్చోవాలని అయ్యగారికి నా మాటగా చెప్పండి. పాప చదువుతానంటే, చివరి వచనం దానికే ఇవ్వండి.